పొడి దిమ్మల గోడ

ఏడుకొండలు కుడి భుజం సంగతి ముందు చెప్పకపోతే తక్కిన కథ అర్థం కాదు. అతనిది టెక్కలి దగ్గర పల్లె. గోడలు కట్టే పనిమీద సింగపూరు వచ్చి పదకొండేళ్లయింది. నలభై ఆరేళ్ల మనిషి, సన్నగా పొడుగ్గా ఉంటాడు, మాట నెమ్మది. పుంగ్గోల్‌లో మేముండే బిల్డింగు పక్కన ఖాళీ జాగాలో పెద్దవాళ్ల కోసం పగటి కేంద్రం ఒకటి కడుతున్నారు. పిల్లలు ఆఫీసులకు పోతూ ముసలివాళ్లను అక్కడ దింపి, సాయంత్రం ఇంటికి తీసుకుపోయే చోటన్నమాట. ఆ పనిలో ఉన్న మేస్త్రీల్లో ఏడుకొండలు ఒకడు. మధ్యాహ్నం అన్నం తినడానికి మా బిల్డింగు కిందికి వచ్చేవాడు. ఇక్కడ ఫ్లాట్ల కింద నేల అంతస్తు గోడలు లేకుండా వదిలేస్తారు. చల్లగా గాలి తోలుతుంది. అతను ఒక స్తంభానికి ఆనుకుని కూర్చునేవాడు, నేను రాతి బల్ల మీద కూర్చునేదాన్ని.

ఒకరోజు అతను ఫోనులో కూతురిని "బువ్వ తిన్నావేటమ్మా" అని అడగడం నా చెవిన పడింది. ఆ యాస విన్నాక ఇంక కూర్చోగలనా? లేచి వెళ్లి ఏ ఊరని అడిగాను. మాది చోడవరం పక్కనని చెప్పాను. మర్నాటి నుంచి మజ్జిగ నాది, పిన్నీ అనే పిలుపు అతనిది.

అతను ఎడమ చేత్తో చెంచా పట్టుకుని తినేవాడు. నాకు అదోలా అనిపించి అడిగేశాను. మధ్యాహ్నానికి కుడి చెయ్యి వణుకుతుందట, ముద్ద నోటిదాకా రాకుండానే మెతుకులు రాలిపోతాయట. అంతకుముందు రెండేళ్లు ఈ ఊళ్లోనే జురాంగ్ వెస్ట్‌లో పనిచేశాడు. అక్కడంతా గట్టి సిమెంటు దిమ్మలు. ఒక్కొక్కటి ఇరవై ఎనిమిది కిలోలు. రోజుకు వందకు పైగా, నడుం ఎత్తు నుంచి తలెత్తు దాకా ఎత్తి పెట్టాడు. భుజం అక్కడే పోయింది. డాక్టరు బరువు తగ్గించమన్నాడు. గోడ కట్టేవాడు బరువు ఎక్కడ తగ్గించుకుంటాడు, దిమ్మ ఎంత ఉంటే అంత ఎత్తాలి గాని.

"ఈ పనికి ఏ దిమ్మలొస్తాయో సూడాల పిన్నీ," అన్నాడు. "బోలు దిమ్మలైతే ఇంకో రెండేళ్లు లాగుతాను. గట్టివే అయితే ఈ పర్మిటుతో నా పని సరి."

ఆ రెండేళ్లు అతనికి కావాలి. కూతురు శ్రీకాకుళంలో నర్సు చదువు చదువుతోంది. ఇంకా రెండేళ్లుంది.

ఇక ఆ దిమ్మ ఏదో తేల్చే మనిషి ఎవరంటే, మా ఇంట్లోనే ఉంది. మా అమ్మాయి రాధ కూతురు సుస్మిత. ఆ కేంద్రానికి ప్లాను బొమ్మలు గీసిన ఆఫీసులోనే దాని ఉద్యోగం. ఏ గోడ దేనితో కట్టాలి, ఎంత బలం ఉండాలి, మంటలు అంటుకుంటే ఎన్ని గంటలు ఆగాలి, ఇవన్నీ కాగితం మీద రాసివ్వడం దాని పని. ఆ కాగితంలో ఏముంటే కట్టేవాళ్లు అదే తెచ్చి కట్టాలి. మూడేళ్లప్పుడు ఈ దేశం వచ్చింది, తెలుగు వస్తుంది గాని చిల్లులు పడి వస్తుంది, ఇక్కడివాళ్లలాగే మాట చివర ఒక 'లా' తగిలిస్తుంది. మా భోజనాల బల్ల మీద నెల రోజులు మూడు దిమ్మ ముక్కలున్నాయి. ఒకటి గట్టిది. ఒకటి మధ్యలో రెండు గూళ్లున్న బోలుది. ఒకటి నురగలా తేలిగ్గా ఉండేది. మా అల్లుడు ప్రతి రాత్రీ వాటిని పక్కకు జరిపి కంచం పెట్టుకునేవాడు, ఒక్కమాటా అనేవాడు కాదు. మంచివాడు.

నురగ దిమ్మను సుస్మిత తొందరగానే వదిలేసింది. పెద్దవాళ్లు నడిచే చోటు కదా, గోడ పొడుగునా పట్టుకోవడానికి కమ్మీ బిగించాలి. మనిషి తూలి బరువంతా కమ్మీ మీద వేస్తే మేకులు ఊడి రాకూడదు. ఆ మెత్తటి దిమ్మ మీద సుస్మితకు నమ్మకం కలగలేదు. మిగిలింది రెండు. యజమానుల తరఫున అన్నీ చూసి సంతకం పెట్టే ఇంజనీరు మునవ్వర్ గారు మాత్రం ఆలోచించేదేముంది, మొత్తం గట్టి దిమ్మే వేయండి అన్నారు. ఆయన హైదరాబాదు మనిషి, ఇరవై ఏళ్లుగా మా పక్క పేట సెంగ్‌కాంగ్‌లో ఉంటున్నారు. కమ్మీ ఊడి ఒక ముసలామె పడితే ఎవరు జవాబు చెబుతారని ఆయన బాధ. అదీ నిజమే.

నేను ఏడుకొండలు భుజం సంగతి సుస్మితకు చెప్పాను. అది తన కాగితాలు ముందేసుకుని తిరగేసింది. తన కాగితంలో గోడ మోసే బరువుకు లెక్క ఉంది, గోడ కట్టే మనిషి మోసే బరువుకు లేదు అంది. తర్వాత నన్ను లేపి గోడ పక్కన నిలబెట్టింది. "అమ్మమ్మా, పడిపోతున్నట్టు యాక్ట్ చెయ్యి. చెయ్యి ఎక్కడికి వెళ్తుందో చూస్తాను." నేను తూలాను. నా చెయ్యి ఆనిన చోట పెన్సిలుతో గీత గీసింది. రాధను కూడా నిలబెట్టింది, పక్క ఫ్లాటులోని చైనా ముసలాయన్ని కూడా పిలుచుకొచ్చింది. గీతలన్నీ ఒక జానెడు మేరలోనే పడ్డాయి. గోడంతా బోలు దిమ్మలు వేసి, చెయ్యి పడే ఎత్తులో ఒక్క వరస మాత్రం గట్టి దిమ్మలు వేస్తే కమ్మీకి పట్టు అక్కడ దొరుకుతుందని రాసింది. ఆ ఒక్క వరస తప్ప ఏ దిమ్మా పద్దెనిమిది కిలోలు మించకూడదని కూడా రాసింది. ఆ వరస నడుం ఎత్తులోనే కాబట్టి తల మీదికి ఎత్తే పనుండదు. చదివి వినిపించినప్పుడు నాకు కళ్లు చెమర్చాయి. గణపతి మేస్త్రీకి, అంటే మా ఆయనకు, ఆయన బతికున్నన్నాళ్లూ ఇలా ఎవరూ రాసిపెట్టలేదు.

మునవ్వర్ గారు కాదనలేదు, ఔననీ అనలేదు. రెండు స్తంభాల మధ్య ఒక గోడ కట్టి చూపించండి, కమ్మీ కూడా బిగించండి, మూడు వారాలు ఆగి చూస్తాను అన్నారు. గోడ బాగుంటే బోలు దిమ్మ, లేదంటే మొత్తం గట్టి దిమ్మ.

ఆ నమూనా గోడ కట్టే పని ఏడుకొండలుకు వచ్చింది. తొంభై దిమ్మల గోడ. ఆ కబురు చెప్పిన రోజు అతని మొహం చూడాలి. నేనూ ఊరుకోలేదు. పదహారో ఏట నుంచి ఇటుక పనిలో ఉన్నదాన్ని, నాకు తెలిసింది చెప్పకుండా ఎలా ఉంటాను? మా ఆయన గోడ కడుతుంటే ఇటుకలు అందించింది నేనే. ఇటుకలు అందించడం కంటే ముందు పని వాటిని నానబెట్టడం. తెల్లారకముందే తొట్టి నిండా నీళ్లు పోసి ఇటుకలు ముంచేదాన్ని. బుడబుడమని బుడగలు వచ్చేవి. బుడగలు ఆగాయంటే ఇటుక కడుపు నిండిందని గుర్తు. తడపని ఇటుక సిమెంటు మాలులో ఉన్న నీళ్లన్నీ తాగేస్తుంది, మాలు పిండిపిండిగా రాలిపోతుంది. ఒకసారి నేను తడపడం మరిచిపోతే మా ఆయన కట్టిన మూడు వరసలు విప్పేశాడు, సాయంత్రం దాకా నాతో మాట్లాడలేదు.

అందుకని ఏడుకొండలుతో చెప్పాను. నాయనా, కట్టే ముందు దిమ్మలు బాగా తడుపు, గోడ ఇనుములా నిలబడుతుంది అన్నాను. అతను నవ్వి, మా అయ్య కూడా అదే సెప్పీవోడు అన్నాడు. ఆ రెండు రోజులూ పొద్దున్నే, సూపర్‌వైజరు రాకముందే, పనిముట్లు కడిగే పెద్ద తొట్టిలో దిమ్మలన్నీ ముంచి తీశాడట. మధ్యాహ్నం వచ్చి బుడగలు బాగా వచ్చాయి పిన్నీ అని చెప్పాడు. ఇద్దరం సంతోషపడ్డాం.

మొదటి వారం గోడ అద్దంలా ఉంది. సుస్మిత ఫోనులో ఫొటో చూపించింది. రెండో వారంలో అక్కడక్కడ తెల్లటి ఉప్పు పూసింది. మూడో వారం, మునవ్వర్ గారు వచ్చే రోజుకు, అతుకుల వెంబడి సన్నటి పగుళ్లు వచ్చాయి. మెట్లలాగా, ఒక దిమ్మ పక్కనుంచి దిగి ఇంకో దిమ్మ కిందికి పోయి, కమ్మీ బిగించిన చోటుదాకా వచ్చాయట. ఆయన వేలి గోరు అందులో పెట్టి చూశారు. కాగితంలో రాసినట్టే కట్టారా అని అందరినీ అడిగారు. అందరూ ఔనన్నారు. ఏడుకొండలు కూడా ఔననే అన్నాడు. అందులో అబద్ధమేమీ లేదు, కాగితంలో ఉన్నదంతా అతను చేశాడు. అయితే ఈ దిమ్మ మనకొద్దు, సోమవారం గట్టి దిమ్మకు సంతకం పెడతాను అని చెప్పి ఆయన వెళ్లిపోయారు. అది శుక్రవారం.

ఆ మధ్యాహ్నం ఏడుకొండలు మజ్జిగ తాగలేదు. గ్లాసు పక్కన పెట్టుకుని కూర్చున్నాడు. కూతురికి ఎలా సెప్పాలో తెలట్లేదు పిన్నీ అని మాత్రం అన్నాడు. నేను దిమ్మలు చేసినవాళ్లను తిట్టాను. ఇంత బాగా తడిపి కట్టినా పగిలిందంటే సరుకే మంచిది కాదని గట్టిగా అన్నాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఆదివారం పొద్దున్న సుస్మిత బల్ల ముందు కూర్చుని పుస్తకాలూ కాగితాలూ ముందేసుకుంది. ఎక్కడ తప్పు జరిగిందో ఒక్కొక్కటే చదువుకుంటూ కొట్టేస్తోంది. దిమ్మలు పోసి నెలన్నర అయింది, పచ్చివి కావు. బలం పరీక్షలో నెగ్గాయి. వానకు తడవకుండా కప్పి ఉంచమని రాసింది, కప్పే ఉంచారు. నేను పక్కన కూర్చుని చిక్కుళ్లు ఒలుస్తున్నాను. ఎందుకు కప్పాలి అని ఊరికే అడిగాను.

తడిస్తే ఇవి కొంచెం ఉబ్బుతాయి, ఎండితే తగ్గుతాయి అని అది చెప్పింది. గోడ కట్టేశాక ఎండితే ప్రతి దిమ్మా కాస్త కాస్త ముడుచుకుంటుంది, రెండు పక్కలా స్తంభాలు కదలనివ్వవు కాబట్టి మధ్యలో లాక్కుని పగులుతుంది అంది. అది చేత్తో చూపించింది గాని, నాకు ఎండలో గుడ్డ మీద పెట్టిన వడియాలు కళ్ల ముందు కనబడ్డాయి. ఎండేకొద్దీ ఎలా ముడుచుకుని బీటలు తీస్తాయో నాకు ఒకరు చెప్పాలా? మరి ఇటుకలు తడుపుతాం కదే అన్నాను. అవి మట్టితో చేసి కాల్చినవి, వాటి దాహం వేరు, ఇవి సిమెంటువి, వీటిని పొడిగానే పెట్టాలి అంది.

చిక్కుడుకాయ నా చేతిలోనే ఉండిపోయింది.

జరిగింది చెప్పాను. సుస్మిత కోప్పడలేదు. కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టి, రెండు చేతుల్లో మొహం దాచుకుంది. కాసేపటికి ఆ చేతుల వెనకాల నవ్వుతోందని తెలిసింది.

"వానలో తడవనివ్వకూడదని రాశాను అమ్మమ్మా. కావాలని ముంచుతారని ఎవరనుకుంటారు లా."

నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. ఈ సంగతి చెబితే దిమ్మ బతుకుతుంది. కాని ఎవరినీ అడగకుండా తొట్టిలో ముంచినందుకు ఏడుకొండలు మీదికి వస్తుంది, అతని కంపెనీ ఏం చేస్తుందో తెలియదు. చెప్పకపోతే గట్టి దిమ్మ వస్తుంది, భుజం పోతుంది. ఎటు చూసినా అతనే. నేను చెబుతానని సుస్మిత అంది. నువ్వు కాదు, చెప్పాల్సింది నేనన్నాను. మాట నాది కదా, చేతులు మాత్రమే అతనివి.

సోమవారం పది గంటలకు ఇస్త్రీ చీర కట్టుకుని సైటు గేటు దగ్గర నిలబడ్డాను. మునవ్వర్ గారు కారు దిగి, సుస్మిత పక్కన నన్ను చూసి ఆగారు. లోపలికి రానివ్వరు కాబట్టి ఆయనే మా బిల్డింగు కిందికి వచ్చి రాతి బల్ల మీద కూర్చున్నారు. నేను మొదటినుంచీ చెప్పాను. తొట్టి సంగతి, బుడగల సంగతి, మా ఆయన విప్పేసిన మూడు వరసల సంగతి కూడా. అతనికి ఏ పాపం తెలియదు, పెద్దదాన్ని, నేను చెప్పాను కాబట్టి చేశాడు అన్నాను. ఆయన నా మాటకు అడ్డం రాలేదు. చివరికి ఏడుకొండలును పిలిపించమన్నారు.

అతను హెల్మెట్ చేత్తో పట్టుకుని వచ్చాడు. వెనకే సూపర్‌వైజరు. నన్ను చూడగానే సంగతి అర్థమైంది అతనికి.

"పిన్ని ఏటీ సెప్పనేదు సార్," అన్నాడు. "నానే ముంచాను. సిన్నప్పటి నుంచి నా సేతులకి అదే అలవాటు. ఆవిడ మజ్జిగివ్వడానికే వొస్తాది."

నేను కాదంటే అతను కాదంటాడు. అలా ఇద్దరం తప్పు కోసం కొట్లాడుకుంటుంటే సుస్మిత జరిగినదంతా ఇంగ్లీషులో సూపర్‌వైజరుకు చెబుతోంది. అతను మొహం చిట్లించుకున్నాడు. జేబులోంచి చిన్న పుస్తకం తీసి ఏడుకొండలు పేరు రాయబోయాడు. మునవ్వర్ గారు చెయ్యి అడ్డం పెట్టి అతనితో ఇంగ్లీషులో ఏదో అన్నారు. తర్వాత మావైపు తిరిగి అదే తెలుగులో చెప్పారు.

"కాగితంల రాయని మాటకు మనిషిని ఎట్ల పట్టుకుంటం? హైదరాబాదుల మా ఇల్లు కట్టేటప్పుడు మా దాదీ, గదే మా నాయనమ్మ, కూడా గింతే, ఇటుకలు నీళ్లల్ల ముంచమని మేస్త్రీ ఎనకాలనే తిరిగేది. అమ్మా, మీరు రాకపోతే నేను మంచి దిమ్మను పారేసి ఇంతమంది భుజాలు విరగ్గొట్టేటోణ్ని. మీకు శుక్రియా."

నేను దణ్ణం పెట్టాల్సిన మనిషి, నేను పెట్టకముందే తను చెయ్యెత్తి నమస్కారం చేశారు. మీ దాదీ పేరేమిటి బాబూ అని అడిగాను. హాజరా అని చెప్పారు. ఆమె బతికి ఉంటే ఇద్దరం కూర్చుని మాట్లాడుకునేవాళ్లం.

సంతకం వాయిదా పడింది. పగిలిన గోడ విప్పేశారు. అవే దిమ్మల్లో తడవనివి తెచ్చి, అదే చోట, అతనితోనే మళ్లీ కట్టించారు. దిమ్మ పొడిగా ఉంటే మాలు కాస్త జిగటగా కలపాలని సుస్మిత చెప్పింది. ఎంత జిగట ఉండాలో అది ఇంగ్లీషులో చెబితే, ఏడుకొండలు తాపీ మీద కొంచెం తీసుకుని బోర్లించి చూపించాడు. జారకుండా అంటుకునే ఉంది. ఇదేనా అన్నాడు, అదే అంది. ఇంటికి వచ్చి సుస్మిత తన కాగితంలో కొత్త లైను రాసింది. దిమ్మలను పొడిగానే పెట్టాలి, ముంచకూడదు, నీళ్లు చల్లకూడదు. ఆ లైను తను రాయాల్సిందే, రాయకపోవడం తన తప్పేనని ఆఫీసులో కూడా చెప్పుకుందట. తప్పు ఒప్పుకోవడానికి ముగ్గురం పోటీపడ్డాం, చివరికి ఎవరి తప్పో తేలనే లేదు.

మూడు వారాలు నేను మజ్జిగ ఇచ్చి నోరు మూసుకున్నాను. ఒక్క సలహా కూడా చెప్పలేదు. ఏడుకొండలే, "ఏటి పిన్నీ, ఉప్పు ఎక్కువేసినావు" అని నన్ను మాట్లాడించడానికి చూసేవాడు.

మళ్లీ శుక్రవారం వచ్చింది. ఈసారి మునవ్వర్ గారు నాకు కూడా హెల్మెట్ తెప్పించి, అడుగడుగునా సుస్మితను పట్టుకోమని చెప్పి లోపలికి తీసుకెళ్లారు. గోడ మీద వేలి గోరు పెట్టే చోటు లేదు. టార్చి వేసి, వంగి, పక్కనుంచి చూశారు. కమ్మీకి ఇనుప గుండ్లు వేలాడదీసి బరువు చూశారు. ఊడలేదు. తర్వాత నన్ను పట్టుకోమన్నారు. నేను తూలాల్సిన పనిలేదు, చెయ్యి దానంతట అదే వెళ్లి కమ్మీ మీద ఆనింది. నా బరువంతా వేశాను. ఎప్పుడో ఒకనాడు నేనూ పగలంతా ఇక్కడే కూర్చుంటానేమో, ఈ కమ్మీ పట్టుకునే నడుస్తానేమో. అప్పుడు ఈ గోడ లోపల ఏ వరస గట్టిదో, ఏ వరస బోలుదో, అది ఎవరు ఎత్తి పెట్టారో నాకు తెలిసి ఉంటుంది.

మునవ్వర్ గారు అక్కడే, గోడకే కాగితం ఆన్చి సంతకం పెట్టారు. మొత్తం కేంద్రానికి బోలు దిమ్మే. ఏడుకొండలు గోడ దగ్గరికి వచ్చాడు. గోడను అరచేత్తో ఒకసారి నిమిరి, పక్కకు తిరిగి ముక్కు చీదుకున్నాడు.

మునవ్వర్ గారు ఇంకొక మాట కూడా పెట్టారు. కాగితం ఇంగ్లీషులో ఉంది, గోడ కట్టేవాళ్లలో తెలుగువాళ్లు, తమిళులు, బంగ్లా వాళ్లు ఉన్నారు, ఎవరి మాటలో వాళ్లకు నోటితో చెప్పించాలి అన్నారు. తెలుగువాళ్లకు చెప్పే పని ఏడుకొండలుకు ఇచ్చారు. పోయిన వారం పాలమూరు వైపు నుంచి ఐదుగురు కొత్తగా వచ్చారు. నేను మజ్జిగ చెంబు పట్టుకుని వెళ్తుంటే సైటు చుట్టూ కట్టిన రేకుల అవతల అతని గొంతు వినిపించింది. ఆగాను.

"మట్టి ఇటుక్కి నీల్లు కావాల. దీనికి వొద్దు. ఊళ్లో మన అమ్మలు, అయ్యలు సెప్పింది తప్పు కాదు, ఆల్లు ఇటుక్కి సెప్పినారు. ఇది దిమ్మ. తడిపితే ఉబ్బుతాది, ఎండితే ముడుసుకుంటాది, గోడ సీలతాది. నాను తడిపి సూసినాను, అందుకే సెప్తన్నాను. నీల్లు మీరు తాగండి."

వాళ్లు నవ్వారు. అతను ఇంకా చెబుతున్నాడు, మాలు నిలిచేలా దిమ్మ సన్నంచు కిందికి, వెడల్పంచు పైకి ఎలా పెట్టాలో, మాలు ఎంత పరచాలో. ఒక దిమ్మ ఎత్తి చూపిస్తున్నట్టున్నాడు, కింద పెట్టిన చప్పుడు వినిపించింది, మళ్లీ ఎత్తాడు. మజ్జిగ వేడెక్కిపోతుందని తెలుసు. అయినా అతను చెప్పడం అయ్యేదాకా నేను ఆ రేకుల పక్కనే నిలబడ్డాను.